రంగం మావ వాటా

నా చిన్నప్పుడు రోగాలు కూడా ఓడలెక్కే వచ్చేవి. ఇప్పుడు విమానాల్లో వస్తున్నాయట, అంతే తేడా. ఉద్దానం తీరాన మాదొక చిన్న పల్లె. పేపరు వచ్చేది కాదు. కోటబొమ్మాళి సంతకి వెళ్ళొచ్చే ఆడవాళ్ళే మాకు పేపరు. ఓసారి ఎండుచేపల గంపలు అక్కడ దింపి, బదులుగా ఓ కబురు ఎత్తుకొచ్చారు. రంగూన్‌ని మేం రంగం అనేవాళ్ళం. ఆ రంగంలో ఏదో మాయరోగం పుట్టిందట, పట్టుకుంటే మనిషి దక్కడట, ఓడ దిగినవాళ్ళతో మన దేశానికీ వచ్చేస్తోందట.

సరిగ్గా ఆ వారమే రంగం మావ దిగాడు. కుర్రతనంలో పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన మా ఊరి మనిషే. అక్కడ ఇక ఉండనివ్వక, పెళ్ళాన్నీ నా ఈడు కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ముగ్గుర్నీ ఊరు పొలిమేరలోనే ఆపేసింది. సరుగుడు తోట పక్కన పాత వలలు దాచే పాకలో ఉండమన్నారు. ముగ్గురిలో ఎవరికీ జలుబైనా లేదు. అయినా రెండు రోజులకే మాట మారింది.

"ఆళ్ళు తుమ్మితే గాలి మనకేసే వత్తది. ఎల్లిపోమని సెప్పండి" అని మా పక్కింటి అత్త చేతులు తిప్పుతూ అరిచింది. ఆవిడ చెడ్డది కాదు, ఇంట్లో పసిబిడ్డ ఉంది. మర్నాడు వల లాగాక పంపించేద్దామని పెద్దలంతా తేల్చారు. వాళ్ళకి వెళ్ళడానికి ఇంకో ఊరు లేదు. ఊరిపెద్ద మా తాతే, కానీ ఆయన నోరు విప్పలేదు. నాకు చెడ్డ కోపం వచ్చింది.

మా దగ్గర ఓ పద్ధతి ఉండేది. పెద్దవల అందరూ కలిసి లాగేవాళ్ళు. పడిన చేపల్ని ఇసుక మీద ఇంటికొక కుప్ప పోసేవాళ్ళు. తగువు రాకుండా ఓ పిల్లని కుప్పలకి వీపు పెట్టి నిలబెట్టి, ఒక్కో కుప్పనీ కర్రతో చూపిస్తూ ఇదెవరిదని అడిగేవారు. పిల్ల నోట ఏ ఇల్లు వస్తే ఆ కుప్ప ఆ ఇంటిది. గంగమ్మ చెప్పించినట్టే లెక్క, కాదనడానికి లేదు. వాటా పడిన ఇల్లు ఊరిది. పడనిది కాదు.

ఆ పొద్దున వలలో కవళ్ళు అనే చిన్న చేపలు విరగబడి పడ్డాయి. కుప్పలు తాతే పోశాడు. నన్ను పిలిచి, ఎప్పటిలా ఇళ్ళకేసి కాకుండా, భుజాలు పట్టుకుని సరుగుడు తోటకేసి తిప్పాడు. పాక ముందు ఆ ముగ్గురూ మూటలు కట్టుకుని ఉన్నారు. ఆ పిల్ల మూట మీద కూర్చుని మాకేసి చూస్తోంది. నేను ఒక్కో ఇల్లూ చెప్పుకుంటూ వచ్చాను. అన్నీ అయిపోయాయని పరిగెత్తబోతుంటే తాత మళ్ళీ అడిగాడు.

"ఇదెవులిదే గుంటా?"

ఇంకో కుప్ప ఉందని నాకేం తెలుసు! ఊళ్ళో ఇళ్ళన్నీ చెప్పేశాను. ఎదురుగా కనబడుతున్నది ఆ పిల్లే.

"రంగం మావోలది" అన్నాను.

తిరిగి చూస్తే పక్కింటి అత్త నోరు తెరుచుకుని ఉంది. ఆవిడే తేరుకుని, "గంగమ్మ సెప్పించేక ఇంకేటున్నాది? అందరూ ఎనక్కి జరగండి, ఆళ్ళొచ్చి ఎత్తుకుంటారు" అని కేకేసింది. మేమంతా తెప్పల దాకా జరిగాం. మావ పెళ్ళాం వచ్చి, కవళ్ళు కొంగులోకి ఎత్తుకుంటూ ఏడ్చింది. మర్నాటి నుంచి అదే చోట ఎవరో ఒకరు బియ్యం, మంచినీళ్ళు పెట్టి దూరం జరిగేవారు. పున్నమి వెళ్ళింది, అమావాస్యా వెళ్ళింది, ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళు ఊళ్ళోకి వచ్చేశారు. ఆ పిల్ల తర్వాత నాకు తోడికోడలైంది. ఇప్పటికీ చేపల పులుసులో చింతపండు ఎక్కువేస్తుంది, చెబితే వినదు.

వాటాలు పంచిన ఆ సాయంత్రం తాతని అడిగాను, నీకు భయం లేదా అని.

"లేకేటే? మీ అందరికన్నా నాకే ఎక్కువ. బయపడతూనే ఇంకో కుప్ప పోసినాను" అన్నాడు.

ఈమధ్య టీవీలో ఎక్కడో కొత్త రోగం పుట్టిందనీ, మన దేశానికీ వస్తుందేమోననీ చెబుతుంటే నాకు గుండె దడే. చేతులు కడుక్కుంటాను, మూతికి గుడ్డ కట్టుకుంటాను. మనవలు నవ్వుతారు, నవ్వనీ. పైదేశం నుంచి ఎవరైనా వచ్చి ఒంటరిగా ఓ గదిలో ఉన్నారని తెలిస్తే మాత్రం, వాళ్ళ గుమ్మం ముందు అన్నం గిన్నె పెట్టి వచ్చాకే నా తలుపు వేసుకుంటాను. భయం పోయాక పెడదాంలే అనుకుని ఉంటే, ఇన్నేళ్ళలో నేను ఎవరికీ ఒక్క మెతుకు పెట్టి ఉండేదాన్ని కాదు.