ఓవెన్ బల్బుకు నేను కట్టిన లెక్క

ఓవెన్‌లో ఉండే ఓ బుల్లి బల్బు మీద నేను కట్టిన లెక్క వల్ల ఒక పెళ్లి దాదాపు తప్పిపోయింది. పెళ్లి నాది కాదు. నాదైతే ఇంత నింపాదిగా రాయగలిగేవాణ్ణి కాదు.

అప్పట్లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో, మాసన్ లేక్స్ అనే పేటలో, సుధాకర్ అనే ఒంగోలు కుర్రాడితో కలిసి అద్దెకుండేవాణ్ణి. ఇద్దరం యూనివర్సిటీలో చదువుతున్నాం. వాడు కంప్యూటర్లు, నేను ఎలక్ట్రికల్. మా ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు నాచేత సూత్రాలన్నీ బట్టీ పట్టించారు గానీ తీగ మాత్రం ముట్టుకోనివ్వలేదు. అది వాళ్ల దూరదృష్టి అని ఇప్పుడు అర్థమవుతోంది.

సుధాకర్, తన క్లాసులోని లావణ్య పెళ్లి చేసుకోవాలనుకున్నారు. లావణ్య వాళ్లది వరంగల్, అమ్మానాన్నలు ఇక్కడే స్థిరపడ్డారు. వాళ్లమ్మ ఒక షరతు పెట్టింది. ఆదివారం పొద్దున అబ్బాయి ఇంటికి టిఫిన్‌కి వస్తారు, వంటింట్లో వాడి వాలకం చూశాకే మిగతా మాట. వీడు ధైర్యంగా ఇడ్లీ అనేశాడు. జూలై నెలలో అడిలైడ్ చలికి ఇడ్లీపిండి పులవడం అంటే అలిగిన అల్లుడు నవ్వడం లాంటిది. తగిన మర్యాద జరగాలి.

శనివారం సాయంత్రం పిండి రుబ్బి లావణ్యకు ఫోన్ చేశాడు.

"సింపుల్ సుధా. గిన్నె ఓవెన్‌ల పెట్టి జస్ట్ లైట్ ఆన్ చెయ్. హీట్ వద్దు. మార్నింగ్ వరకు మంచిగ పొంగుతది. అమ్మ వింటర్‌ల ఎప్పుడూ అట్లనే చేస్తది."

వాడు గిన్నె ఎత్తుకున్నాడు. నేను ఓవెన్‌కి అడ్డంగా నిలబడ్డాను.

"ఆ బల్బు ఎన్ని వాట్లో తెలుసా నీకు?"

"తెలీదు. తెలియాలా?"

"వేడి ఎక్కువైతే పిండి పులవదు, ఉడుకుద్ది. ఆగు, కొలుద్దాం."

స్విచ్ కట్టేసి, బల్బు విప్పి, దాని రెండు కొసలకీ మల్టీమీటర్ ఆనించాను. నూట డెబ్బై ఓమ్‌లు చూపించింది. నాలోని ఇంజనీరు ఒళ్లు విరుచుకుని లేచాడు.

"ఇక్కడి సప్లై రెండొందల ముప్పై వోల్టులు. దాన్ని నూట డెబ్బైతో భాగిస్తే కరెంటు వస్తది. ఒకటింపావు యాంపియర్ పైనే. ఆ కరెంటును మళ్లీ వోల్టులతో గుణిస్తే పవర్. మూడొందల పదకొండు వాట్లు."

"మూడొందలా? మొన్న పిజ్జా కాలిందో లేదో చూద్దామంటే ఆ లైటుకి సరిగ్గా కనపడనే లేదు గదరా."

"కంటికి కనపడేదాన్ని బట్టి ఇంజనీరింగ్ నడవదు."

"మరి వాళ్లమ్మ ఎప్పుడూ పెట్టుద్దంట గదా."

"వాళ్ల బల్బు వేరేది అయ్యుంటది. ఇది రాత్రంతా వెలిగితే పొద్దునకి నీకు మిగిలేది కేకు. పెళ్లి కావాలా, వద్దా?"

కావాలన్నాడు పాపం. బల్బు బిగించి, గిన్నె లోపల పెట్టి, అయిదు నిమిషాలు వెలిగించి ఆర్పేశాను. ఈ వేడి తెల్లారేదాకా ఆగుతుందని తీర్పిచ్చాను.

పొద్దున పిండి ఎంత ఉందో అంతే ఉంది. వేళ మించిపోయి, లావణ్య అమ్మానాన్నలతో సహా వచ్చేసింది గనక వాడు అలాగే ఇడ్లీలు వేశాడు. అవి ప్లేటులో పడ్డ చప్పుడుకి హాల్లో కూర్చున్న అంకుల్ తల తిప్పి చూశారు. ఆంటీ ఒక ముక్క తుంచబోయింది. ఇడ్లీ ఒప్పుకోలేదు.

"పిండి పొంగలే బాబు. ఓవెన్‌ల లైట్ ఏసి పెట్టలేదా?"

సుధాకర్ నా వంక చూశాడు. అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మీరైతే అదే చేసేవారు.

"మా బల్బు మూడొందల వాట్లు ఆంటీ. రెసిస్టెన్స్ కొలిచి లెక్క కట్టాను. కావాలంటే చూపిస్తా."

బల్బు విప్పి, మీటరు పక్కన పెట్టి, ఆమె ముందుంచాను. ఆమె మీటరు జోలికి పోలేదు. కళ్లజోడు పెట్టుకుని బల్బును అటూ ఇటూ తిప్పింది.

"దీని మీద ఇరవై అయిదు వాట్లని రాసుంది కద బాబు."

రెండుసార్లు విప్పిన నేను ఒక్కసారీ చదవలేదు. కొలిచే తొందరలో ఉన్నాను.

"నువ్వేం చదువుతున్నవ్?" అన్నారు అంకుల్.

"ఎలక్ట్రికల్, అంకుల్."

"మంచిది," అన్నారాయన. ఆ మాటలో మంచి ఎక్కడా లేదు.

తర్వాత పుస్తకం తిరగేస్తే తెలిసింది. బల్బులోని తీగ చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ తక్కువ. వెలిగి కాలుతున్నప్పుడు అది పన్నెండు రెట్లయినా పెరుగుతుంది, పారే కరెంటు ఆ మేరకు పడిపోతుంది. నిద్రపోతున్న కుక్కను దాటి వెళ్లి, ఈ ఇంటికి కాపలా లేదని తేల్చినట్టుంది నా లెక్క.

ఆంటీ సుధాకర్ వైపు తిరిగింది.

"నువ్వు లైట్ ఏస్తనంటే ఈయన వద్దన్నడా?"

"అవునాంటీ."

"మరి నువ్వెందుకు విన్నవ్?"

"ఫ్రెండ్ గదాంటీ. పైగా ఇంజనీరు."

"అమ్మా, ప్లీజ్," అంది లావణ్య. "చట్నీ తనే చేసిండు, ఫస్ట్ అది టేస్ట్ చెయ్."

ఆంటీ చట్నీ రుచి చూసింది. మళ్లీ వేసుకుంది. ఇడ్లీ సాయం లేకుండానే గిన్నె సగం చేసింది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి తీర్పు చెప్పింది.

"పిల్లగాడు మంచోడే. నాకేం అడ్డం లేదు. గని పెళ్లయినంక ఈ ఇంజనీరు మీ ఇంట్ల ఉండొద్దు."

కొత్త దంపతులతో నేనూ ఉండాలన్న ఆలోచన అప్పటికి ఎవరికీ లేదు, నాకు తప్ప.

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువు పవరైనా, దాని మీద రాసింది చదవకుండా లెక్క కట్టను. చదివాక కూడా, ఎవరైనా పిండిగిన్నె పట్టుకుని ఎదురైతే, మారుమాట లేకుండా పక్కకు తప్పుకుంటాను.