కొసరుగా వచ్చిన నాలుగో సర్వరు

మూడు సర్వర్లు బేరమాడి నాలుగోది కొసరుగా లాగినవాణ్ణి శ్రీకాకుళం జిల్లాలో నేనొక్కణ్ణే. అంత తెలివితక్కువ కొనుగోలు మరెవరూ చేసి ఉండరని కూడా ధీమాగా చెప్పగలను.

తిత్లీ తుఫాను వెళ్లిన మరుసటి ఏడాది నేను పలాసలో జీడిపప్పు వర్తకుల సంఘానికి సిస్టమ్స్ మేనేజరుని. తుఫానులో పాడైన యంత్రాలను ఒక్కొక్కటే చేత్తో సర్ది నిలబెట్టేసరికి జీడిపిక్కల సీజను సగం గడిచిపోయింది. సంఘం అధ్యక్షుడు ఒక్కటే మాట అన్నాడు. "బావా, మళ్లీ ఇలాగయితే ఈ పని వైజాగు కంపెనీకి ఇచ్చేత్తాం. మీ గదికి తాళమే." ఆ గదిలో నాతోపాటు మరో ఇద్దరి ఉద్యోగాలున్నాయి.

అందుకే ఓపెన్‌స్టాక్‌తో సొంత క్లౌడ్ కట్టాలనుకున్నాం. ఉచితంగా దొరికే ఈ సాఫ్ట్‌వేర్ కొన్ని సర్వర్లను కలిపి, ఒక్కో వర్తకుడి లెక్కలకూ అందులో విడి గది ఇస్తుంది. దాన్ని చేత్తో పెట్టకుండా, ఏ సర్వరులో ఏముండాలో ఫైళ్లలో రాసి అన్సిబుల్ అనే పనిముట్టుకి అప్పగిస్తాం. రాసినదానికీ యంత్రంలో ఉన్నదానికీ తేడా వస్తే అది దిద్దుతుంది, లేకపోతే ముట్టుకోదు. రాసే పని సంతబొమ్మాళి నుంచి వచ్చే మా ఇంజనీరు రాజేశ్వరిది.

కొనే పని నాది. టెక్కలి బజార్లో కొట్టు మాది. కొసరు లేనిదే బెల్లం కూడా కొనని ఇల్లు. విశాఖలో మూతపడుతున్న ఓ ఆఫీసులో ఒకే రకం సర్వర్లు మూడు తీసుకుని, మూలనున్న నాలుగోదాన్ని పైన వేయించుకున్నాను. నాలుగూ ఒకటే అనుకుని రాసెయ్యమని రాజేశ్వరికి చెప్పాను.

నాలుగూ ఒకటి కాదు. కొసరు యంత్రంలో నెట్‌వర్క్ కార్డుల పేర్లు తారుమారు. సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే తీగ మీదికి బయటి రద్దీ వచ్చిపడి క్లౌడ్ మొత్తం నిలిచిపోయింది. నేను లాగిన్ అయి చేత్తో దిద్దాను. మర్నాడు అన్సిబుల్ నడిచి నా దిద్దుబాటు చెరిపేసింది. మళ్లీ దిద్దాను, మళ్లీ చెరిపింది. వారమంతా ఇదే కుస్తీ.

చివరికి రాజేశ్వరి అడిగేసింది. "సార్, మీరు దిద్దుతారు, అది సెరిపేత్తాది. ఇద్దర్లో మేనేజరు ఎవులో తేల్చీండి. లేదంటే ఆ కొసరుని తిరిగిచ్చీండి."

"కొసరు తిరిగిచ్చినోడు మా వంశంలో లేడమ్మా."

"అయితే దాని తేడా ఏటో సెప్పండి, రాత్తాను."

కార్డు పేరు మారవచ్చు గాని దానిమీది గుర్తింపు సంఖ్య మారదు. రాజేశ్వరి ప్రతి యంత్రానికీ ఓ చిన్న ఫైలు పెట్టి, అందులో ఆ సంఖ్యలు రాసింది. ఎవరూ సర్వరుని చేత్తో ముట్టకూడదని నియమం పెట్టి, ముందుగా నా లాగిన్నే తీయించాను. రెండోసారి నడిపితే తెరమీద మార్పులు సున్నా అని వచ్చింది. మా వృత్తిలో అంతకన్నా అందమైన అంకె లేదు.

కొత్త పిక్కలు రాగానే అధ్యక్షుణ్ణి పిలిచాం. మీరు చూపించినదాన్ని చెరిపేసి మళ్లీ కడతామన్నాను. వర్తకుడు కదా, ఆయన కన్ను తేడా సరుకైన ఆ కొసరు సర్వరు మీదికే పోయింది. "అదిగో, ఆ మెల్లకన్నుది."

రాజేశ్వరి దానిమీది లెక్కల్ని మిగతా మూడింటికి జరిపి, డిస్కు చెరిపి, ఒక్క ఆదేశమిచ్చింది. అది నెట్‌వర్క్ నుంచే లేచి, సాఫ్ట్‌వేర్ వేయించుకుని, మిగతావాటి సరసన చేరింది. అవతల కాశీబుగ్గలో తూకాలు నమోదు చేస్తున్నవాళ్లు ఒక్కరూ పని ఆగిందని ఫోను చెయ్యలేదు.

అధ్యక్షుడు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇంతేనేటి? ఇంకోటి సెరుపమ్మా, సూద్దాం."

చెరిపింది. అదీ లేచింది. వైజాగు మాట మళ్లీ వినబడలేదు.

యంత్రాల్లో తేడా ఉండడం తప్పు కాదు, దాన్ని ఫైలులో రాయకుండా బుర్రలో మోయడం తప్పు. ఇక బిల్లు: ఊరికే వచ్చిన సర్వరుకి లారీ కిరాయి, కొత్త డిస్కులు, రాజేశ్వరి నెలరోజుల పని. కొత్తది కొన్నా అంతకంటే తక్కువే అయ్యేది.