రేవులో లోవమ్మ పిలుపు

లోవమ్మ గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాతే మాటలు వస్తాయి. ఆ కోపం ఆమె మీద కాదు. రాజమండ్రిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకుని, ఆ చదువును బండెక్కించి ఊరేగించిన కుర్రాళ్ళ మీద. వాళ్ళ ముందు నిలబడి చప్పట్లు కొట్టిన ఊరి మీద.

నా పేరు సువార్తమ్మ. మిషను బళ్ళో చదువుకుని, గోదావరి మధ్య లంకలో ఉన్న చిన్న బడికి పంతులమ్మగా వెళుతుంటాను. తెల్లవారుతూనే ముసలయ్య పడవ ఎక్కాలి. ఆ వేళకి లోవమ్మ రేవులోనే ఉండేది. వలపడవల దగ్గర చేపలు తీసుకుని, గంపలో సర్ది, నెత్తికెత్తుకునే ముందు ఏటివైపు తిరిగి ఒక్కసారి పిలిచేది.

"ఓ భీమరాజో... వచ్చెయ్యీ..."

భీమరాజు ఆమె మొగుడు. గోదావరికి వరద ఎర్రనీరు దిగిన రోజుల్లో పులస చేపల కోసం వల వేసుకుని వెళ్ళాడు. పడవ ధవళేశ్వరం దగ్గర బోర్లాపడి దొరికింది, మనిషి దొరకలేదు. కులపెద్దలు వచ్చి గాజులు తీయించబోతే, "మనిషిని సూపించండి, అప్పుడు తీత్తాను" అంది. చూపించడానికి వాళ్ళ దగ్గర ఏముంది? అప్పట్నించీ ఆ పిలుపు. పిలిచి, జవాబు కోసం కాసేపు ఆగేది. ఆ కాసేపూ పడవవాళ్ళు తెడ్డు వెయ్యరు, చాకళ్ళు బండ మీద బట్ట కొట్టరు. ఎవరో పెట్టిన కట్టుబాటు కాదది, అలా జరిగిపోయేది.

రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న ఏడాది, చలికాలంలో, రాజమండ్రి కాలేజీలో ఎఫ్.ఏ. చదివే కుర్రాళ్ళు కొందరు ఒక నాటకం కట్టారు. చంద్రరావు వాళ్ళకి నాయకుడు. తెలివైనవాడే, కాదనను. నాటకానికి జనం రావాలంటే ముందు రుచి చూపించాలన్నాడు. బెల్లం కొనేవాడి చేతిలో ముందు ఓ ముక్క పెడతారు కదా, అలాగన్నమాట. ఎద్దుబండి మీద తెర కట్టి, డప్పు కొట్టించి, సంత దగ్గరా రేవు దగ్గరా నాటకంలోంచి కాస్త ఆడి చూపించేవారు. దానికి మచ్చు అని పేరు పెట్టారు. మచ్చు అయ్యాక చంద్రరావు బండి అంచున నిలబడి, "ఏది బాగుందండీ? ఏది తీసెయ్యమంటారండీ?" అని అడిగేవాడు. జనం అరిచిందంతా విని, మర్నాటికి మచ్చు మార్చేవాడు.

మొదటిరోజు ప్లీడరు వేషం వేసినవాడు ఇంగ్లీషులో ప్రసంగం దంచితే జనం ఆవలించారు. మధ్యలో చేపలమ్మే మనిషి గంప దింపి బేరమాడే ముక్క ఒకటుంది. దానికి నవ్వారు. మర్నాడు ప్లీడరు పోయాడు, చేపలమనిషి మిగిలింది. ఆ ఆడవేషం కట్టిన కుర్రాడు లోవమ్మ నడక పట్టాడు, చెయ్యి తిప్పడం పట్టాడు. అప్పుడు గుంపులోంచి ఎవడో, వాడి నోరు పడిపోను, "మొగుణ్ణి పిలుస్తుంది కదండీ, అదీ పెట్టండి!" అని కేకేశాడు. చంద్రరావు వెంటనే తలూపాడు.

ఇక మచ్చంతా ఆ పిలుపే. పైన ఆ కుర్రాడు చేపతోకతో కళ్ళు తుడుచుకుంటూ "ఓ భీమరాజో" అనడం, కింద జనం పొట్ట పట్టుకుని నవ్వడం. సంతలో లోవమ్మ గంప దింపితే చాలు, "వచ్చాడా మీ ఆయన?" అని అడిగేవాళ్ళే. ఆమె తల ఎత్తకుండా చేప కోసి ఇచ్చేది. నాకు ఒళ్ళు మండి చంద్రరావునే నిలదీశాను.

"అది మేం పెట్టింది కాదండీ పంతులమ్మగారూ, జనం కోరిందే" అన్నాడు. "మేమేం చెయ్యమంటారు చెప్పండి?"

ఎంత సులువైన మాట! ఊరందరి పేరూ చెబితే ఎవరికీ పాపం అంటదనుకున్నాడు.

ఆ మర్నాడే జరిగింది. మంచులో ఏరు సరిగ్గా కనబడడం లేదు. లోవమ్మ పిలిచింది, ఆగింది. ఒక మగ గొంతు జవాబిచ్చింది.

"వత్తన్నానే లోవా!"

గంప వదిలేసి నీళ్ళలోకి పరిగెత్తింది. నడుము లోతు దాటింది, గుండె లోతుకి వెళ్ళింది. మెట్ల మీద కిసకిస నవ్వు వినబడేదాకా ఆగలేదు. ముసలయ్య పడవలోంచి వంగి రెక్క పట్టుకుని లాగాడు. ఆ నవ్వినవాడు మంచులో నాకు కనబడలేదు. కనబడితే నా చేతిలో ఉన్నది బైబిలని కూడా చూసేదాన్ని కాదు.

ఆ సాయంత్రం బండి రేవుకి వచ్చింది. నేనూ పడవ దిగి అక్కడే నిలబడ్డాను. మచ్చు అయింది. నవ్వులయ్యాయి. "ఏది తీసెయ్యమంటారండీ?" అన్నాడు చంద్రరావు.

"నేను సెప్తానండి" అంది లోవమ్మ.

జనం దారి ఇచ్చారు. ఆమె గంపతో బండి దగ్గరకి వెళ్ళి, ఆడవేషం కట్టిన కుర్రాణ్ణి చూసింది.

"నీ పిలుపు తప్పు బాబూ. జనంకేసి పిలుత్తున్నావు. ఏటికేసి తిరుగు."

వాడు తిరిగాడు.

"పిలు."

వాడు పిలిచాడు. గొంతు సగమే వచ్చింది.

"ఇప్పుడు ఆగు. జవాబొచ్చేదాకా ఆగు."

వాడు ఆగాడు. అందరం ఆగాం. డప్పువాడు డప్పు కింద పెట్టాడు. ఏరు పారుతూనే ఉంది. చివరికి వాడి భుజాలు కదిలాయి, చీరకొంగుతో మొహం కప్పుకున్నాడు.

"రాలేదు కదా?" అంది లోవమ్మ. "నాకూ రాదు. అది తీసెయ్యండి బాబుగారూ. అడిగారు కదా."

చంద్రరావు బండి మీంచి దూకాడు. అతని కళ్ళలో నీళ్ళు, నిజమైన నీళ్ళే. అందుకే నాకు మరీ మండింది.

"అమ్మా, ఎంత బాగుందమ్మా! ఆ ఆగడం! మేం నవ్విస్తూ పాడుచేసుకున్నాం, ఇలా కదా చెయ్యాలి! రోజూ వచ్చి బండి దగ్గర ఇలాగే నిలబడతావా?"

"బాగుందండీ, బాగుంది!" అని జనం చప్పట్లు కొట్టారు.

లోవమ్మ అతన్ని తేరిపార చూసింది. చేపల మీద చల్లే ముంతెడు నీళ్ళు తీసి అతని మొహాన కొట్టింది. జనం దానికీ నవ్వారు. వెనకనించి ఎవడో, "అదీ పెట్టండి!" అని అరిచాడు.

నాటకం ఆడారు. పందిరి పట్టనంత జనం. నవ్వు తీసేసి, పిలుపూ ఆ ఆగడమూ పెట్టారట. నవ్వినవాళ్ళే వెక్కి వెక్కి ఏడ్చారట. నేను వెళ్ళలేదు, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే తిప్పి పంపాను. ఆ తర్వాత అసలు పిలుపు విందామని తెల్లవారుజామున రేవుకి మనుషులు రావడం మొదలైంది. మెట్ల మీద చోటు చూసుకుని మరీ కూర్చునేవారు. లోవమ్మ వాళ్ళ ముందునించి గంపెత్తుకుని ఏటివైపు తిరక్కుండా, పిలవకుండా వెళ్ళిపోయేది.

ఇప్పుడు ఆమె నాతోపాటు ముసలయ్య పడవ ఎక్కుతుంది. నడిగోదావరిలో, ఏ గట్టుకీ వినబడని చోట, లేచి నిలబడుతుంది. ముసలయ్య తెడ్డు పైకెత్తి, మొహం అటు తిప్పుకుంటాడు. ఆమె పిలుస్తుంది. నేను రెండు చేతులతో చెవులు మూసుకుంటాను. ఆమె పిలిచేది నన్ను కాదు.