వెనక సీట్లో దేవదాస్

దేవదాస్‌కి చెప్పులతో పని చేయడం చేతకాదు. సెలవు రోజున మా ఇంటికి రిపేరుకి ఎప్పుడొచ్చినా గుమ్మం బయట వాటిని విడిచి, వట్టి కాళ్ళతో ఇల్లంతా ఓసారి తిరిగి, అప్పుడు గానీ వచ్చిన పని చూడడు. మొదటిసారి వచ్చినప్పుడు వాషింగ్ మిషన్‌ని విప్పనైనా లేదు. తిప్పమన్నాడు. దాని పక్కన పాదాలు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

"బేరింగ్ పోయిందమ్మా. ఇంకో పది రోజులు నడుస్తది. గప్పటికీ మార్చకపోతే డ్రమ్ము మొత్తం పోతది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. సూరత్ పక్కన హజీరాలో ఇరవై ఏడేళ్ళుగా యంత్రాలతో కాపురం చేస్తున్నవాణ్ణి, ఒక ప్లాంటుకి మేనేజర్ని, నా ఇంట్లో నా మిషన్‌కి ఇతను కాళ్ళతో రోగం చెబుతాడా? కంపెనీ మనిషిని పిలిపించి విప్పించాను. బేరింగే. ఆ రోజు నుంచి మా ఆవిడ విశాలాక్షి లెక్కలో ఇంజినీరు దేవదాస్, నేను జీతం తెచ్చే మనిషిని.

అతనిది జగిత్యాల వైపు ఓ పల్లె. పంతొమ్మిదో ఏట సూరత్ వచ్చి, అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా లింబాయత్‌లో ఒకే సేఠ్ దగ్గర పనిచేస్తున్నాడు. మొదట సాంచె నడిపాడు, అంటే కరెంటు మగ్గం. తరవాత అరవై నాలుగు సాంచెలకు మేస్త్రీ అయ్యాడు. ఆ షెడ్డులో పిడుగు పడినా వినబడదు. అరవై నాలుగు మగ్గాల మధ్య ఏది చెడిందో చెవితో ఎవడూ చెప్పలేడు. దేవదాస్ మాత్రం చెప్పులిడిచి, సందులో నాలుగడుగులు వేసి, ఫలానాదని వేలు చూపేవాడు. ఆ చప్పుడు అతని ఎడమ చెవిని పూర్తిగానూ, కుడి చెవిని సగమూ తినేసింది. కాళ్ళు మాత్రం మిగిలాయి.

అక్కడ మాటలన్నీ చేతులతోనే. ఓ సెలవు రోజు టీ తాగుతూ మాకు కొన్ని సైగలు నేర్పాడు. పిడికిలి బిగించి గడ్డం కింద తాకిస్తే, మిషన్ ఆపు. అరచేతిని గుండె మీంచి పొట్టదాకా తుడిస్తే, నీ పాళీ అయిపోయింది, ఇంటికి పో. పాళీ అంటే అక్కడ షిఫ్టు. విశాలాక్షికి ఇవి ఎంత నచ్చాయంటే, నేను మూడో లడ్డూ మీద చెయ్యి వేస్తే గడ్డం కింద పిడికిలి పెట్టేది. చుట్టాలు ఎంతకీ కదలకపోతే వాళ్ళ వెనక నిలబడి గుండె మీంచి అరచెయ్యి తుడిచేది. నవ్వు ఆపుకోలేక నేను చచ్చేవాణ్ణి.

ఇక నా పిచ్చి గురించి చెప్పాలి. యాభై రెండేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పితో, నాకు రెండు తలుపుల స్పోర్ట్స్ కారు కావాలనిపించింది. కొత్తది కొనే తాహతు లేదు. డుమస్ రోడ్డు మీద సెకండ్ హ్యాండ్ కార్ల షోరూములో పసుపు పచ్చది ఒకటి ఫోన్లో చూసి, వారం రోజులు నిద్రలో కూడా గేర్లు మార్చాను. విశాలాక్షి తిట్టి తిట్టి అలిసిపోయి చివరికి ఒక్క షరతు పెట్టింది.

"దేవదాస్ చూసి బాగుందంటేనే. మీ మాట మీద ఆ కారు కాదు కదా, సైకిల్ కూడా కొననివ్వను."

అలా ఆ రోజు పొద్దున్నే అతన్ని నా పాత కార్లో ఎక్కించుకుని బయల్దేరాను. ఏ షోరూమో అతను అడగలేదు, నేనూ చెప్పలేదు.

దిగగానే గాజు తలుపు తోసుకుని ఓనరు బయటికొచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. నన్ను చూసి నమస్తే అన్నవాడు, నా వెనక మనిషిని చూసి ఆగిపోయాడు.

"అరే, దేవదాస్ కాకా! తుమ్ యహాఁ?"

దేవదాస్ మొహంలో రక్తం లేదు. నన్ను ఓ ఎర్ర కారు చాటుకు లాక్కెళ్ళాడు.

"సారు, గీయన మా సేఠ్ కొడుకు, జైమిన్. సేఠ్ ముసలోడైండు. కార్ఖానా అంత ఇప్పుడు గీయన చేతులనే ఉన్నది. నేను రిక్ష పట్టుకొని పోత సారు."

"పోతే ఎలా? నువ్వు చూడకపోతే మా ఆవిడ ఒప్పుకోదు."

"ఆయన మాల్ ఖరాబున్నదని నేనెట్ల చెప్త? మేము ఉండే రూము గూడ వాళ్ళదే, కార్ఖానా మీదనే. నోరు తెరిస్తే పని పోతది, రూము పోతది. లతకు బారవీ పరీక్షలున్నయి సారు, ఇంకో రెండు నెలల్ల."

లత అతని కూతురు, పన్నెండో తరగతి. నాకు అన్నీ తెలుసు. తెలిసీ, ఆ పసుపు పచ్చ రంగు కళ్ళల్లో మెరుస్తుంటే, నేనన్న మాట ఇది:

"నోరు తెరవమని ఎవరన్నారు? ఊరికే వెనక కూర్చో. బాగుంటే అద్దంలో నాకు తల ఊపు. బాగుండకపోతే ఊపకు. అంతే."

ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అతను నా మొహం కేసి ఓసారి చూసి, కారు వైపు నడిచాడు. ఇరవై ఆరేళ్ళు ఎవరేం చెప్పినా చేసిన మనిషి మరి.

వెనక సీటు పేరుకే సీటు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టి, పాదాలు కారు నేలకు ఆనించాడు. జైమిన్ నా పక్కన కూర్చుని, ఎదురుగా పైనున్న ఎండ తెర దించాడు. దాని లోపలి చిన్న అద్దంలో జుట్టు సర్దుకున్నాడు. తెర అలాగే వదిలేశాడు.

ఇంజిన్ గర్జించింది. నా మోకాళ్ళ నొప్పి ఎటుపోయిందో. అరవై, ఎనభై. రోడ్డు ఖాళీగా ఉంది. నాకు ఏ చప్పుడూ వినబడలేదు, ఏ వణుకూ తెలియలేదు. అద్దంలో చూస్తే దేవదాస్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. వాషింగ్ మిషన్ దగ్గర ఎలా మూసుకున్నాడో అలాగే.

ఎదురుగా పొడుగాటి వంతెన కనిపించింది.

"అస్లీ మజా ఇక్కడే సాబ్" అన్నాడు జైమిన్ హిందీలో. "నూట నలభైకి తీసుకెళ్ళండి. అప్పుడు చెప్పండి."

అద్దంలో చూశాను. దేవదాస్ కళ్ళు తెరిచాడు. తల ఊపలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఊపకపోతే బాగాలేదని అర్థం, నేను పెట్టిన నియమమే. కానీ నాకు కావలసిన అర్థం నేను తీసుకున్నాను. నన్నింకా చూడలేదేమో, కాసేపట్లో ఊపుతాడులే అనుకుని యాక్సిలరేటర్ తొక్కాను. తొంభై. వంతెన ఎక్కాం. నూరు. ఎడమ పక్క పిట్టగోడ, దాని కింద తాపీ నది.

అప్పుడు దేవదాస్ పిడికిలి గడ్డం కిందికి వచ్చింది.

చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చూసి కూడా చూడనట్టే ఉన్నాను. నూట ఐదు. నూట పది. అద్దంలో ఆ పిడికిలి మళ్ళీ లేచింది. ఈసారి గడ్డానికి ఎంత గట్టిగా తగిలిందంటే అతని తల వెనక్కి పోయింది. కళ్ళు నా కళ్ళనే చూస్తున్నాయి. ఆ కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. నా కాలు దానంతటదే లేచి బ్రేకు మీద పడింది.

"ఏమైంది? ఎందుకాపుతున్నారు?" అంటున్నాడు జైమిన్.

ఎనభై. అరవై. అప్పటిదాకా ఏమీ తేడా తెలియలేదు. నలభైకి వచ్చాక మా కాళ్ళ కింద సుత్తితో బాదినట్టు ఒక దెబ్బ, వెంటనే ఇనుము రోడ్డుకి రాసుకుంటున్న కీచుమన్న మోత. స్టీరింగు నా చేతుల్లోంచి లాక్కున్నట్టు తిరిగింది. కారు వెనక భాగం పిట్టగోడ వైపు జారింది. వెనకాల లారీ హారన్. ఎలా తిప్పానో, ఎలా ఆపానో నాకు తెలియదు. ఆగేసరికి గోడకీ మాకూ మధ్య జానెడు జాగా ఉంది. లారీ మా పక్కనుంచి కారు ఊగిపోయేలా దూసుకుపోయింది.

దిగి కిందకు వంగి చూశాను. ఇంజిన్ నుంచి వెనక చక్రాలకు వెళ్ళే షాఫ్టు జాయింటు దగ్గర విరిగి రోడ్డు మీద వేలాడుతోంది. పాత అతుకు మీద వెల్డింగు చేసి రంగు పూశారు. నూట నలభైలో అది విరిగి ఉంటే మేం ముగ్గురం ఎక్కడుండేవాళ్ళమో చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు.

జైమిన్ ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాడు. దేవదాస్‌నే చూస్తున్నాడు. షోరూము నుంచి ఇంకో కారు వచ్చి మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళేదాకా అలాగే చూశాడు.

నేను మాత్రం లోలోపల సంతోషించాను. దేవదాస్ నోరు తెరవలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు, నేనే భయపడి ఆపానని జైమిన్ అనుకుంటాడు, అతని పనికి ఢోకా లేదు. నా పాత కార్లో ఇద్దరం కూర్చున్నాం. తాళం తిప్పబోతూ తలెత్తాను. షోరూము గాజు తలుపు లోపల జైమిన్ నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి ఎత్తి, అరచేతిని గుండె మీద పెట్టి, పొట్టదాకా మెల్లగా తుడిచాడు.

మా ఇంట్లో ఎన్నిసార్లు నవ్వుకున్నామో ఆ సైగకి.

"అతనికెలా తెలుసు?" అన్నాను.

"నేనే నేర్పిన సారు" అన్నాడు దేవదాస్, రోడ్డు కేసి చూస్తూ. "చిన్నగున్నప్పుడు భుజం మీద కూసోబెట్టుకొని సాంచెల మధ్యల తిప్పేటోన్ని. అన్ని సైగలు పట్టుకున్నడు. ఎండ తెర అద్దంల నన్ను చూసిండు. ఇర్వై ఏండ్లు దాటింది గద, ఆయనకు వస్తయని యాది మర్చిన."

లింబాయత్ సందు మొదట్లో దిగబోతూ కాళ్ళ కేసి చూసుకున్నాడు. చెప్పులు ఆ పసుపు కార్లోనే ఉండిపోయాయి. వట్టి కాళ్ళతోనే దిగాడు.

"మీ బండి మంచిగున్నది సారు. ఇంకో పదేండ్లు నడుస్తది" అని వెళ్ళిపోయాడు.

నేను జైమిన్‌కి ఫోన్ చేశాను, మళ్ళీ చేశాను. ఎత్తలేదు. వెళ్తే లోపలికి రానివ్వలేదు. అతని పని ఆ రోజుతోనే పోయింది, ఆ నెలాఖరుకి రూము కూడా ఖాళీ చేయించారు. మా ప్లాంటులో పని ఇప్పిద్దామని తీసుకెళ్తే మెడికల్ టెస్టులో చెవులు వినబడవని తిప్పి పంపారు. ఆ కాగితం మీద మేనేజరుగా నా సంతకమే ఉంది. ఇప్పుడు అతని భార్య గంగవ్వ, లత సూరత్‌కి ఒక చివర కోసాడ్‌లో ఒక చిన్న క్వార్టరులో ఉంటారు. అతను ఇంకో చివర ఉన్ అనే చోట ఎవరిదో షెడ్డులో మళ్ళీ మామూలు కారీగర్‌గా, పంతొమ్మిదేళ్ళప్పుడు చేసిన పనే చేస్తున్నాడు. లత పరీక్షలు రాసింది.

అయినా మా ఇంటికి రావడం మానలేదు. పోయిన నెల వచ్చి ఫ్యాను చూశాడు. విశాలాక్షి టీ ఇచ్చి లోపలికెళ్ళింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఆ సైగలు చేయరు. ఇన్నాళ్ళూ గొంతులో పెట్టుకున్నది అప్పుడు అడిగేశాను.

"తప్పంతా నాది దేవదాస్. నా కోసం నువ్వు ఇంత పోగొట్టుకున్నావు. పిడికిలి ఎందుకు చూపించావు? వాంతి వస్తోందని చెప్పి నువ్వొక్కడివీ దిగిపోకపోయావా?"

అతను కుడి చెవి నా వైపు తిప్పి, మాట పూర్తిగా విని, ఆశ్చర్యంగా చూశాడు.

"మీ ఒక్కరి కోసమే అనుకుంటున్నరా సారు? ముంగట సీట్ల పిలగాడు గూడ కూసున్నడు గద."