గోడ మీద, వార్నిష్ పూసిన యాదన్న పనిముట్లు

నిన్న పొద్దున స్టాండప్ కాల్‌లో ఉన్నాను. ఆఫీసు వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది.

"మన కార్పెంటర్ యాదగిరి గారు నో మోర్."

దాని కిందే ఎవరో అడిగారు, థర్డ్ ఫ్లోర్ ఏసీ ఎప్పుడు బాగవుతుందని.

మ్యూట్‌లో ఉన్నానో లేదో చూసుకోలేదు. "ఏంటీ?" అని గట్టిగా అరిచేశాను.

హఫీజ్‌పేట్‌లో, ఇంట్లోనే, స్నానానికి వెళ్తూ కూలబడిపోయారట. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. యాభై రెండేళ్లు. అంతే.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు. కాబట్టి ఈ పోస్ట్ పద్ధతిగా ఉండదు, ముందే చెప్తున్నా.

తెలియనివాళ్ల కోసం: యాదన్న హైటెక్ సిటీలో మా ఆఫీసు వడ్రంగి. పాత పనిముట్లంటే పిచ్చి. ఉలి, కొయ్యను చెక్కే బాడిశ, చెక్క నున్న చేసే రంద, పాత సామాన్లలో ఏది కనిపించినా ఇంటికి తెచ్చుకునేవారు. ఒక్కోదానికి బొటనవేలంత నమూనా చేసేవారు. షోకేస్ బొమ్మ కాదు, పనిచేసేది.

ఆ బుల్లి రందతో అగ్గిపుల్లను చెక్కిన రీల్ మీలో చాలామంది చూశారు. తీసింది నేనే. లంచ్ బ్రేక్‌లో, నా ఫోన్‌తో.

దానికింద ఒకడు "ఇది ఏఐ" అని కామెంట్ పెట్టాడు. చదివి వినిపిస్తే అన్న నవ్వారు. "అడ్రస్ అడుగు చెల్లె, పొట్టు పోస్టుల పంపిస్త."

నిజంగానే ఆ పొట్టును కాగితంలో మడిచి పెట్టారు కూడా. వాడు అడ్రస్ ఇవ్వలేదు.

మా పరిచయం నా డెస్క్ సొరుగు వల్ల. అది ఇరుక్కుపోతే అడ్మిన్‌వాళ్లు మొత్తం యూనిట్ మార్చాలన్నారు. అన్న వచ్చి గుడ్డలో చుట్టిన పాత ఉలి తీసి, పది నిమిషాల్లో సరిచేశారు. ఆ ఉలి పిడి నల్లగా, జిడ్డుగా ఉంది. "ఇది కాస్త రుద్దితే కొత్తదానిలా ఉంటుంది కదా" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది.

"ఇనుముకు తుప్పు తీస్త మేడం. పిడి మాత్రం ముట్ట. ఇగో చూడు, గిక్కడ గుంత. బొటనవేలు పెట్టి పెట్టి పడ్డది. ఎడమచేతి మనిషి. పేరు తెల్వదు గని, చెయ్యి గిండ్లనే ఉన్నది."

ఆ గుంతను కూడా నమూనాలో చెక్కేవారు. పనిముట్టు ఎవరిదో తెలిస్తే, వెతుక్కుంటూ వెళ్లి ఆ ఇంటివాళ్లకు నమూనా ఇచ్చి వచ్చేవారు. బాచుపల్లిలో ఒక పెద్దావిడ, పోయిన తన భర్త బాడిశను పాత ఇనుముకు అమ్మేసింది. అన్న ఇచ్చిన నమూనా పిడి మీద గుంత చూసి, ఆవిడ అందులో గోరు పెట్టి అలాగే కూర్చుండిపోయిందట.

ఇప్పుడు అసలు సంగతి.

మా ఆఫీసులో క్రాఫ్ట్ వీక్ చేశారు. పనిముట్లు ఇవ్వమని అన్నను ఒప్పించింది నేనే. "అందరూ చూడాలి అన్నా" అన్నాను.

"చూస్తె మంచిదే. రుద్దరు కద?"

"నేనున్నాగా" అన్నాను. పద్నాలుగు పనిముట్లు తెచ్చిచ్చారు.

నేనేం చేశానో తెలుసా? రిలీజ్ హడావుడిలో ఉండి అడ్మిన్‌కు రెండు లైన్ల మెయిల్ కొట్టాను. చివర్లో అలవాటుగా, ప్రతి మెయిల్‌లో రాసినట్టే, "డిస్‌ప్లే నీట్‌గా, క్లీన్‌గా ఉండేలా చూడండి" అని పెట్టాను. పిడులు ముట్టుకోవద్దన్న ఒక్క ముక్క రాయలేదు.

వాళ్లు క్లీన్ చేశారు. పద్నాలుగు పిడులకూ శాండ్‌పేపర్ కొట్టి, మెరిసే వార్నిష్ పూసి, పిడుల్లోంచే స్క్రూలు దింపి లాబీ గోడకు బిగించారు. పైన "అవర్ రూట్స్" అని లైటింగ్.

అన్న వచ్చి చూశారు. ఒక పిడి మీద బొటనవేలు పెట్టారు. అది జారింది. ఇంకోదాని మీద పెట్టారు.

"మంచిగ మెరుస్తున్నయ్ చెల్లె" అన్నారు. పాంట్రీ తలుపు రిపేరుందని వెళ్లిపోయారు.

ఆ తర్వాత ఒక్క నమూనా చేయలేదు. ఒక్క రీల్ లేదు. పనిముట్లు తిరిగివ్వమని రెండుసార్లు అడిగారు. క్లయింట్ విజిట్ అయ్యాక చూద్దామన్నారు అడ్మిన్‌వాళ్లు.

నిన్న మధ్యాహ్నం కంపెనీ పేజీలో నివాళి పెట్టారు. బ్యాక్‌గ్రౌండ్‌లో ఏముందనుకున్నారు? ఆ గోడే! "లెజెండ్" అంటూ కింద కామెంట్లు. సిగ్గుండాలి. మీలో ఎంతమందికి ఆయన ఇంటిపేరు తెలుసు?

ఈ రోజు పొద్దున స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లాను. లాబీ కుర్చీ ఎక్కి విప్పడం మొదలుపెట్టాను. అడ్మిన్ మేనేజర్ పరుగెత్తుకొచ్చారు.

"మేడం, ఆయన గుర్తుగా ఇక్కడ ఉంటే బాగుంటుంది కదండీ."

"బతికుండగా రెండుసార్లు అడిగాడండీ మనిషి. అప్పుడెందుకు ఇవ్వలేదు?"

ఆయన సెక్యూరిటీ వైపు చూశారు. సెక్యూరిటీ కదల్లేదు. పద్నాలుగూ విప్పాను. రేపు హెచ్‌ఆర్ పిలుస్తుందట. పిలవనివ్వండి.

అక్కణ్నుంచి నేరుగా హఫీజ్‌పేట్ వెళ్లి, అన్న భార్య లక్ష్మి వదిన ముందు బ్యాగ్ తెరిచాను. ఆమె ఒకటి తీసి చూసింది. ఇంకోటి తీసింది. తిప్పి తిప్పి చూసి, మళ్లీ జాగ్రత్తగా బ్యాగ్‌లో పెట్టేసింది.

"గివి ఎవరివో తెచ్చినవ్ చెల్లె. మా ఆయన సామాన్లు గిట్లుండవు."

బ్యాగ్ మూసి భుజానికి తగిలించుకుని వచ్చేశాను.

అన్నా, ఆ మెయిల్ రాసింది నేనే. ఎవరు రుద్దమన్నారని మీరు ఒక్కసారి కూడా అడగలేదు, నేను చెప్పలేదు. వదినకు చెప్పడానికి రేపు మళ్లీ వెళ్తాను.

వెళ్లి రండి యాదన్నా. మీకు శాంతి దొరకాలి. నాకు మాత్రం ఇప్పుడప్పుడే దొరకకూడదు.