మూడుసార్లు పగిలిన టర్బో పైపు

కారు బాగుచేయడం నాకు తెలుసని నమ్మి, ఒకే పైపును మూడుసార్లు ఎలా పగలగొట్టానో చెబుతాను. కారున్నవాళ్లు నవ్వండి. లేనివాళ్లు కొనే ఆలోచన ఇంకో వారం వాయిదా వేసుకోండి.

ఆ డీజిల్ కారు మా అన్నది. సీటు ఇంకా ఆయన పొడవుకే జరిపి ఉండేది. క్లచ్ నాకు అందీ అందక ఉన్నా, ముందుకు జరపలేదు. ఆయన పోయాక ఓసారి ముత్తంగి దగ్గర బుస్సుమని, ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో పైపు చీలింది. మా వెనక పొగకు లారీ డ్రైవర్ కూడా ముక్కు మూసుకున్నాడు. పక్కనున్న వదిన ఒకటే మాట అంది:

"ఇంకోసారి నన్ను గిట్ల రోడ్డు మీద నిలబెడితే అమ్ముడే."

"అమ్మొద్దు వదినా, నేను చూసుకుంట."

నా అర్హత వినండి. పటాన్‌చెరులో రబ్బరు పైపుల ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. పైపు పగిలితే ముందు కారణం వెతకమని కొత్తవాళ్లకు బోర్డు మీద రాసి చెప్పేవాణ్ని. ఆ నేనే కారణం వెతక్కుండా కొత్త పైపు వేయించాను. నెల తిరక్కముందే, ఒంటరిగా పోతుంటే, లక్డారం దగ్గర అదీ చీలింది. ఇంట్లో చెప్పలేదు.

ఈసారి మేనేజర్‌ని అడిగి మా ఫ్యాక్టరీ పైపే తెచ్చాను. ఏనుగు తొక్కినా నలగదు. మా ఫిట్టర్ యాదగిరి తల గోక్కున్నాడు.

"అన్నా, గిది నీళ్ల పైపు. వేడి గాలికి ఆగుతదా?"

"నా చేతుల మీద పాసైన పైపు యాదగిరీ."

"చేతుల మీద పాసైంది. కార్ల కాదు గద!"

ఆదివారం వదినను ఎక్కించుకుని ఆమె పుట్టింటికి, జోగిపేటకు బయలుదేరాను. సంగారెడ్డి దాటగానే పైపు మళ్లీ బుస్సుమంది. వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

రోడ్డు పక్క షెడ్డులోంచి ఖాజా భాయ్ అనే మెకానిక్ వచ్చి బానెట్ లేపాడు.

"స్టార్ట్ చేసి జెర రేస్ ఇయ్యుండ్రి సాబ్."

ఇచ్చాను. ఇంజన్ తాడు తెంపుకునే దున్నలా ఎగిరింది.

"ఇంజన్‌ను పట్టుకునే మౌంటింగ్ తెగింది సాబ్. ఇంజన్ గిట్ల ఎగిరి గుంజితే ఏ పైపు నిలుస్తది? పైపు బేకసూర్, దాని తప్పేం లేదు. ఇంజన్ నడుస్తుండంగ ఎప్పుడూ సూడలేదా?"

నేనెప్పుడూ ఇంజన్ ఆపాకే చూశాను.

"మీరేం పని జేస్తరు సాబ్?"

"పైపుల ఇన్‌స్పెక్టర్," అంది వదిన, నాకంటే ముందే.

ఆపైన నెమ్మదిగా అంది: "మీ అన్న గూడ గదే అంటుండె. ఇంజన్ ఊగుతుంది, మౌంటింగ్ మార్చాలె అని. ఇంతల దవాఖానల పడె."

"మరి నాకు చెప్పలేదేంది వదినా?"

"నువ్వు అడిగినవా? పైపు పైపు అని నువ్వు జెప్పుడు, నేను ఇనుడు."

మౌంటింగ్ మారింది, కారుకు సరిపడే అసలైన టర్బో పైపు బిగించారు. వదిన ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"అమ్ముడు సంగతి ఇడిసిపెట్టు. ఆయన కనిపెట్టిన రోగమే గద, కుదిరింది. పోనియ్యి."

అప్పటి నుంచి ఆ పైపు పగలలేదు. కారు మా ఇంట్లోనే ఉంది. అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: వదిన అనుమతి లేనిదే బతికుండగా ఆ బానెట్ ఎత్తను. అద్దం తుడిచే నీళ్లు పోయడానికి మాత్రం మినహాయింపు అడిగాను. ఆలోచించి చెప్తానంది.