సూదులమ్మ

మే ముప్ఫై ఒకటి, శనివారం, మధ్యాహ్నం రెండున్నర. ఆ రాత్రితో వేట నిషేధం తీరిపోతుంది, తెల్లారితే మా పడవ సముద్రంలోకి దిగాలి. సరిగ్గా ఆ గంటకే నేను ఎర్రటి మొహంతో ఆటో దిగాను. ఆ రోజుల్లో నాకు నలభై నిండలేదు (ఇప్పటి కీళ్ల నొప్పులతో చూస్తే పడుచుదాన్నే). అప్పుడప్పుడే రాత్రి బడిలో అక్షరాలు కూడబలుక్కుని, కొత్తగా చదువొచ్చినవాళ్ల పిచ్చితో గోడల మీదున్నదల్లా చదివేస్తూ తిరిగేదాన్ని. అలా బస్సులోంచి చదివిన బోర్డే "ముఖంపై గుంటలకు చికిత్స". చిన్నప్పుడు అమ్మవారు పోసి నా బుగ్గల నిండా గుంటలు మిగిలాయి. చేపల బేరం కుదరని ప్రతివాడూ "ఏటే జల్లెడమొహమా" అని పోయేవాడు. వాళ్ల పీతమొహాలకి నేనెప్పుడైనా పేరు పెట్టానా?

ఆ పొద్దున ఆ బోర్డు వెతుక్కుంటూ వెళితే, డాక్టరమ్మ గోదావరి వైపు మనిషి. "ఈ గుంటలు ఎన్నేళ్ల నుంచండీ?" అంది. "పెద్దదానికి పదారు, సిన్నదానికి పన్నెండు" అన్నాను. (మా వైపు గుంటలంటే ఆడపిల్లలు. ఆవిడ అంతసేపు నవ్వక్కర్లేదు.) తర్వాత మొద్దుబారే మందు రాసి కూర్చోబెట్టి, సన్నటి సూదులున్న చిన్న చక్రాన్ని బుగ్గల మీద దొర్లించింది. "పూడ్సమంటే కొత్త కన్నాలెడతావేటమ్మా?" అని కసిరాను. ఆ సన్న గాయాలు మానేటప్పుడు అడుగునుంచి కొత్త చర్మం పుట్టి గుంట పైకి తేలుతుందట. ఒక్కసారికి పోవు, మళ్లీ మళ్లీ రావాలట. "లేత చర్మం కదండీ, రెండ్రోజులు ఎర్రగా ఉంటుంది, ఎండలోకి వెళ్లకండి" అని పంపింది. ఎండ గురించి చెప్పింది గానీ మా అత్త గురించి ఎవరు చెప్పాలి?

గుమ్మంలో నన్ను చూడగానే అత్త చేతిలో చేట జారిపోయింది. "ఓలమ్మో! అమ్మోరు మల్లీ వొచ్చీసిందర్రా!" అంది. నేను నోరు విప్పేలోగా పక్కింటి వదిన గుమ్మానికి వేపకొమ్మ కట్టేసింది, ఇంకెవరో నా కాళ్ల మీద పసుపు నీళ్లు పోసేశారు. నాకా మందు ఇంకా దిగలేదు, పెదవులు మొద్దు. "సూదులత్తా, డాట్రమ్మ సూదులు!" అని అరిచాను. అది బయటికి ఎలా వచ్చిందో గానీ, అత్త చేతులు జోడించి, "సూలాలంటన్నాది! అమ్మ సూలాలడుగుతన్నాది!" అంది.

అప్పుడే పడవ నడిపే మా మరిది పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, పడవలో ఎక్కించిన ఐసు దింపించీనా? అమ్మ ఇంట్లో ఉండగా ఏటకెలితే గంగమ్మ ఊరుకుంటాదేటి?" మా ఇంటాయన దించెయ్యమని తలూపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నెలన్నరగా గంజి తాగి, ఆ పడవ కదిలే రోజు కోసం చూస్తున్న ఇల్లు మాది. నా బుగ్గలు ఎర్రగా ఉన్నాయని వేట మానేస్తారా? "నీ మొకం మండ! బుద్దుందేట్రా నీకు!" అని విరుచుకుపడ్డాను. మరిది సాష్టాంగ పడ్డాడు. ఇంటాయన్ని దులిపేశాను, ఆయన తలపాగా తీసేసి చంకలో పెట్టుకున్నాడు. ఎంత తిడితే అంత వంగుతున్నారు! ఇరవయ్యేళ్లు కాపురం చేసి ఎంత మంచిగా చెప్పినా వినని మనుషులు!

నా చిన్నది ఒక్కతే నా మొహంలోకి తేరిపార చూసి, "అమ్మేనే ఇది" అంది. "అవునమ్మా, అమ్మే" అని అందరూ దండం పెట్టారు.

ఇక సూదుల సంగతి వదిలేశాను. నడుం మీద చేతులేసి, "ఐసు దింపినోడి అంతు సూత్తాను! తెల్లారేసరికి పడవ తీయండి!" అన్నాను. "సిత్తం తల్లీ!" అన్నారు. ఎలాగూ వింటున్నారు కదా అని, "నువ్వెల్లి అంట్లు తోము" అని ఇంటాయనకి కూడా చెప్పాను. తోమాడు. అడుగంటిన గంజి కుండతో సహా తోమాడు!

తెల్లారి పడవ వెళ్లింది, ఐసు పెట్టెల నిండా చేపలతో వచ్చింది. మూడో నాటికి నా ఎరుపు పోయింది, దాంతో నా మాటా పోయింది. డాక్టరమ్మ దగ్గరికి మరికొన్నిసార్లు వెళ్లాను, గుంటలు సగానికి సగం నిండాయి. ఆ ఎర్ర మొహమే ఇంకో వారం ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రోజు ఆ గుమ్మం ముందున్నవాళ్లు మా అత్త, మా ఇంటాయన, మరిది, పక్కింటి వదిన, నా ఇద్దరు గుంటలు. వీళ్లలో ఒక్కరైనా ఆ తర్వాత నేను చెప్పింది ఒక్కసారికే విని ఉంటే ఒట్టు.